పిలిచిన వరస, పుట్టిన వరస

“పిల్లలు అన్నాచెల్లెళ్ళయితరు. ఈ లగ్గం కాదు, ఇగ అంతే.”

“ఇయ్యాల అయిన్రా అన్నాచెల్లెళ్ళు? పూలుపండ్లు తీస్కున్ననాడు ఏమైన్రు?”

“అప్పుడు చూస్కోలే యాదగిరన్నా. ఇప్పుడు చూసిన. ఇగో, చెట్టు గీసిన. నీ కండ్లతోని చూడు.”

“నీ చెట్టు నువ్వే పెట్టుకో. బందుల ఇంట్ల కూసొని పొద్దు పోక నా బిడ్డ లగ్గం చెడగొడ్తవా?”

“మాట జర చక్కగ రానియ్యి. నేను నిన్ను అన్నా అనే పిలుస్తున్న కదా? మరి వరస అదే కదా?”

“కొత్తగూడ చౌరస్తల ఆటో నడిపేటాయన్ని గూడ అన్నా అనే అంటవు. ఆయన బిడ్డ గూడ మీ పిలగానికి చెల్లెలేనా?”

వీళ్ళిద్దరి మధ్య నేల మీద కూర్చున్నదాన్ని నేను. సోఫా చూపించారు గాని, కొట్లాట జరిగే ఇంట్లో మెత్తటి చోట కూర్చోను. నీళ్ళు కూడా తాగను. ఎవరి ఇంట్లో తాగితే వాళ్ళ వైపు మాట్లాడిందంటారు.

సుధాకర్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. పెళ్ళికొడుకు ప్రవీణ్‌కు బాబాయి. ప్రవీణ్ తండ్రి పోయాక ఇంటికి పెద్ద తానేనని సుధాకర్ అనుకున్నాడు. అసలు పెద్ద, అతని తండ్రి మల్లయ్య, పక్క గదిలో మంచం మీద కూర్చుని అన్నీ వింటూనే ఉన్నాడు. యాదగిరిది నానక్‌రామ్‌గూడ. నీళ్ళ ట్యాంకర్ నడుపుతాడు. పెళ్ళికూతురు మమతకు తండ్రి. ప్రవీణ్, మమత ఒకే కంపెనీలో పని చేస్తూ ఇష్టపడ్డారు. కులం ఒకటే, ఇంటిపేర్లు వేరు, ఇంకేం కావాలని పెద్దలు ఒప్పుకుని, పూలుపండ్లు మార్చుకుని నిశ్చయం చేసుకున్నారు. తర్వాత ప్రత్యేక రాష్ట్రం కోసం వరసగా బందులు వచ్చాయి. బస్సులు లేవు, ఆఫీసుకు రావద్దన్నారు. కుర్రవాళ్ళు రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తుంటే, సుధాకర్ ఇంట్లో చల్లగాలి మిషన్ కింద కూర్చుని వంశవృక్షం గీశాడు. ఆ గీతల్లో ఈ పెళ్ళి ఇరుక్కుంది.

నన్ను ఇద్దరూ పిలిపించారు. వాళ్ళ కులానికి వంశాలు చెప్పే ఇల్లు మాది.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు

ఇప్పుడు చదువుకున్న పిల్లలు ఈ పనికి వస్తున్నారట. వంశం కనుక్కుని, రంగులద్ది, అద్దం కట్టించి ఇస్తారట. నేను చదివింది మూడో తరగతి. అయినా ఒక జీవితం ఈ పనిలోనే అరిగింది కాబట్టి చెబుతున్నాను. మీకు నచ్చేలా చెప్పాలని లేదు.

మా పని చూడటానికి ఇలా ఉండేది. ఒక ఇంట్లో పెద్దమనిషి పోతే పెద్దదినం నాడు మా మగవాళ్ళు వాకిట్లో నిలబడి ఆ ఇంటి వంశం మొదటి నుంచి చెప్పేవాళ్ళు. ఎవరికి ఎవరు పుట్టారు, ఏ ఊరి నుంచి ఏ ఊరికి వచ్చారు, ఎవరు దత్తత పోయారు. ఇంటివాళ్ళు కళ్ళు తుడుచుకుని బియ్యమో బట్టలో పెట్టేవాళ్ళు. మా ఆడవాళ్ళం వెనక వాకిట్లో కూర్చునేవాళ్ళం. నిజమైన సంగతులన్నీ అక్కడే దొరికేవి. ముందు వాకిట్లో పాడేది మగవాళ్ళ పేర్ల దండ. అందులో ఒక్క ఆడదాని పేరు ఉండదు. ఆ మగవాళ్ళంతా ఒకరికొకరు పుట్టినట్టే ఉంటుంది వింటే.

మా ఇంటికి పెద్ద నా భర్తకు అన్న అయిన రాజలింగం. ఆయన గొంతు మంచిది. బుద్ధి గురించి అంత చెప్పలేను. వాకిలి పెద్దదైతే వంశమూ పెద్దది చేసేవాడు. మాదాపూర్ వైపు భూమి అమ్మి మేడ కట్టిన ఒకాయన, “మా తాతలు ఏదన్న కోటల ఉన్నట్టు చెప్పు” అంటే, రాజలింగం అక్కడికక్కడే ఆయన ముత్తాతను కోట ద్వారం దగ్గర నిలబెట్టాడు. ఇంకో ఏడాదికి అదే ముత్తాత కోట లోపలికి వెళ్ళాడు. మూడోసారి పాడేటప్పటికి గద్దె మీద కూర్చునేవాడేమో, ఇంతలో రాజలింగమే పోయాడు.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. ఇద్దరు మగవాళ్ళు దోస్తీ కొద్దీ అన్నా, తమ్మీ అని పిలుచుకుంటున్నారనుకోండి. వాళ్ళను సంతోషపెట్టడానికి నిజంగానే అన్నదమ్ములను చేసేవాడు. ఇంటిపేర్లు వేరుగా ఉన్నాయేమని అడిగితే, వెనక ఎక్కడో ఒక పిల్లవాణ్ణి దత్తత ఇచ్చేవాడు. మా పనిలో దత్తత సున్నం లాంటిది, ఏ గోడ పగులైనా దానితో కప్పవచ్చు. ఎవరైనా మీకు వంశం చెబుతూ మూడు తరాల్లో రెండు దత్తతలు చూపిస్తే, దండం పెట్టి పంపించండి.

వంశం కావాలని వచ్చేవాళ్ళ గురించీ చెప్పాలి. కొత్తగూడలో పెద్ద ఫ్లాట్లలో కోస్తా నుంచి వచ్చిన ఒకావిడ ఉండేది. మంచిమనిషే. సెలవుల్లో ఏదో ఒకటి నేర్చుకునే రకం. ఒక సెలవుకు కుండలు చేయడం, ఒక సెలవుకు కేకులు, ఆ సెలవుకు వంశం.

“మా తాతగారి తాతగారి పేరు దొరికితే చాలండి, హాల్లో గోడకి పెట్టుకుంటాం.”

“ఆయన భార్య పేరో?”

“ఆడవాళ్ళ పేర్లు ఎవరికి గుర్తుంటాయండీ!”

ఆ మాట అంటున్నది తానూ ఒక ఆడదేనని ఆమెకు తోచలేదు. రేపు ఆమె మనవడి మనవడు కూడా ఇలాగే అంటాడు, ఎవరికి గుర్తుంటాయండీ అని. ఆ గోడకు క్యాలెండర్ పెట్టుకోమని చెప్పి వచ్చేశాను. తారీకైనా తెలుస్తుంది.

పైగా అవి ఎలాంటి రోజులు! మా పనిలో మొదటి ప్రశ్న “మీది ఏ ఊరు?” అని. ఆ ఏళ్ళలో ఆ ప్రశ్న అడిగితే మనుషులు బిగుసుకుపోయేవాళ్ళు. కోస్తావాళ్ళు “మేం ఇక్కడే సెటిలైపోయామండి” అని అడగని జవాబు చెప్పేవాళ్ళు. ఇక్కడివాళ్ళు “ఎందుకడుగుతున్నవ్, మేం పక్కా ఇక్కడోళ్ళమే” అని కండువా సర్దుకునేవాళ్ళు. నేను అడిగింది వాళ్ళ తల్లి పుట్టిల్లు ఎక్కడని. అది మాత్రం ఇద్దరిలో ఒక్కరికీ తెలిసేది కాదు.

సుధాకర్ చెట్టు

సుధాకర్‌ను తిట్టుకున్నాను గాని, అతను తెలివి తక్కువవాడేం కాదు. అడగవలసిన మనిషినే, అంటే తన తండ్రిని అడిగాడు.

“నాయినా, మమతోళ్ళ తాత కిష్టయ్య నీకేమైతడు?”

“నాకు అన్న.”

“వాళ్ళ నాయినమ్మ గంగవ్వ?”

“వదినె. గది గూడ తెల్వదా?”

తెలియనిదేముంది, అందరం చూసినవాళ్ళమే. మల్లయ్య పడుచు వయసులో నానక్‌రామ్‌గూడ వైపు రాళ్ళు కొట్టే పనికి వచ్చాడు. అక్కడ కిష్టయ్యతో జత కుదిరింది. ఈ పెళ్ళి మాటలప్పటికి కిష్టయ్య పోయాడు. ఒకే బండ మీద సమ్మెట వేసిన ఇద్దరూ అన్నా, తమ్మీ అయ్యారు. అన్న భార్య వదినె అయింది. వదినెతో పరాచికాలాడే హక్కు మరిదికి ఉంది కదా. అందుకని మల్లయ్య గంగవ్వ వాకిట్లోకి ఎప్పుడూ ఊరకే రాలేదు. “వదినే, ఇయ్యాల గూడ పప్పు మాడగొట్టినవా, వాసన గచ్చిబౌలి దాంక వస్తున్నది!” అని అరుస్తూ వచ్చేవాడు. “మాడింది నీకే పెడుత, దా!” అని ఆమె లోపలి నుంచే అనేది. పెళ్ళిళ్ళలో ఈ ముసలివాళ్ళిద్దరూ పసుపు నీళ్ళు చల్లుకుంటుంటే పిల్లలు గుమిగూడి చూసేవాళ్ళు.

అది నోటి వరస, రాళ్ళ దగ్గర పుట్టిన వరస అని అందరూ అనుకుని పెళ్ళికి ఒప్పుకున్నారు. కానీ సుధాకర్‌కు ఒక మాట గుర్తొచ్చింది. వాళ్ళ తాత పెద్దదినం నాడు రాజలింగం పాడిన పాట. మల్లయ్య ముత్తాత తమ్ముణ్ణి చిన్నప్పుడే దత్తత ఇచ్చారని, ఆ దత్తత పోయిన ఇంటివాడే కిష్టయ్య అని. అంటే కిష్టయ్య, మల్లయ్య నెత్తురు పంచుకున్న అన్నదమ్ములు. వాళ్ళ కొడుకులూ అన్నదమ్ములే. వాళ్ళ పిల్లలు ప్రవీణ్, మమత అన్నాచెల్లెళ్ళు. గీతలన్నీ సరిగానే కలిశాయి.

“ఆ దత్తత ఉత్తదే,” అన్నాను. “కిష్టయ్య ఆనాడు మా రాజలింగానికి కడుపు నిండ పెట్టిండు. మీ అన్నదమ్ములను విడదీయనని అన్నం ముందల కూసొనే దత్తత పుట్టించిండు. నేను వెనక వాకిట్ల విన్న.”

సుధాకర్ నా వైపు తిరిగాడు. “అవ్వా, తాత దినాలకు పాడింది మీ ఇల్లే. ఇప్పుడు అబద్ధం అంటున్నది మీ ఇల్లే. మీ ఇంటి మాటల ఏది నమ్మాలె?”

న్యాయమైన ప్రశ్న. పాడేవాళ్ళు ఒకసారి అమ్ముడుపోతే తర్వాత నిజం చెప్పినా అమ్ముడుపోయినట్టే ఉంటుంది. ఈ పనిలోకి వచ్చే పిల్లలూ, ఇది మాత్రం మరిచిపోకండి.

పక్క గదిలోంచి మల్లయ్య గొంతు వచ్చింది. “నోటి మాట అనుకుంటి సత్తెమ్మా. నెత్తురే అయితే ఎట్ల? పిల్లలకు పాపం చుట్టుకోదా? నాకు ఫికర్ పట్టుకున్నది.”

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. పిలిచిన వరస ఎంత గట్టిదైనా, పుట్టిన వరస బయటపడితే అదే నిలుస్తుంది. ఆ రెండిళ్ళ మధ్య పుట్టిన వరస ఏదైనా ఉంటే మగవాళ్ళ వైపు దొరకదు. కాబట్టి మల్లయ్యను ఒకటే అడిగాను.

“మీ అమ్మ పుట్టిల్లేది?”

“మంజీర నీళ్ళ కింద మునిగిన ఊరు. నేను చిన్నగున్నప్పుడే అమ్మ పాయె. అటు దిక్కు ఎవరు మిగల్లే.”

గంగవ్వ ఇంట్లో

మర్నాడు నానక్‌రామ్‌గూడకు నడిచే వెళ్ళాను. షేర్ ఆటోలు లేవు. ఉన్నా ఎక్కేదాన్ని కాదు, కాళ్ళున్నంత కాలం. అద్దాల మేడలన్నీ మూతపడి, వాచ్‌మన్లు గేట్ల దగ్గర పేకాట ఆడుతున్నారు. రోడ్డు మీద గంజు కింద మంట పెడుతున్న పిల్లలు “అవ్వా, బువ్వ తిని పో” అన్నారు. ఇది మాత్రం ఎవరి వైపూ కాని అన్నం కాబట్టి తిన్నాను.

గంగవ్వ ఇల్లు పాత ఊళ్ళో, రెండు మేడల మధ్య సందులో ఉంటుంది. ఆమె వంటింట్లో చింతపండు గింజలు తీస్తోంది. మమత నన్ను గుమ్మం దగ్గరే పట్టుకుంది.

“అవ్వా, నువ్వు ఏం చెప్తె గదే అంటున్నరు. జర మంచిగ చెప్పు. అబద్ధమైనా చెప్పు.”

“మీ రెండిళ్ళల్ల నన్ను అబద్ధానికి తప్ప పిలిచేటోళ్ళే లేరా? పో, మీ నాయినమ్మకు చాయ్ పెట్టు. చక్కెర తక్కువ.”

గంగవ్వ పక్కన కూర్చుని నేనూ గింజలు తీయడం మొదలుపెట్టాను. చేతులు పనిలో ఉంటే నోరు తొందరగా తెరుచుకుంటుంది. ఇదీ నేర్చుకోండి. కాగితం, పెన్ను పట్టుకుని ఎదురుగా కూర్చుంటే ఏ ఆడదీ నిజం చెప్పదు.

“గంగవ్వా, మీ అమ్మ పుట్టినూరు ఏది?”

“యాది లేదు.”

నేను గింజలు తీయడం ఆపాను. ముసలివాళ్ళు ఎన్నో మరిచిపోతారు. నిన్న తిన్న కూర, కొడుకు ఫోన్ నంబరు, మొగుడు కొట్టిన దెబ్బలు కూడా. అమ్మ పుట్టినూరు మరిచిపోయిన ఆడదాన్ని నా పనిలో ఒక్కదాన్ని కూడా చూడలేదు.

“యాది లేదా, చెప్పబుద్ధి కాలేదా?”

ఆమె ఇంకో చింతపండు ముద్ద చేతిలోకి తీసుకుంది.

“మల్లయ్య తల్లి ఊరు మంజీరల మునిగిందంట.”

“నాకెందుకు చెప్తున్నవ్?”

“నీ మనవరాలి లగ్గం ఆగిపోయింది గంగవ్వా. పిల్ల ఏడ్వలేదు గని, కండ్లు చూసినవా?”

ఆమె చేతిలోని చింతపండు పళ్ళెంలో పెట్టింది. వేళ్ళు కొంగుకు తుడుచుకుంది. వంటింటి తలుపు దగ్గరకు వేసి వచ్చి కూర్చుంది.

“మా అమ్మ ఊరు గూడ గదే,” అంది. “మా అమ్మ, మల్లయ్య అమ్మ ఇద్దరన్నదమ్ముల బిడ్డలు. ఒక్క వాకిట్ల పెరిగిన్రు.”

అంటే తల్లులు అక్కాచెల్లెళ్ళు. వీళ్ళిద్దరూ అన్నాచెల్లెళ్ళు. వదినె, మరిది కానే కాదు.

“నీకెప్పుడు తెలిసింది?”

“నా లగ్గమైన కొత్తల. అమ్మ నన్ను చూడనీకి వచ్చింది. మల్లయ్యను చూసి, తల్లి పేరు అడిగి, వంటింట్లకొచ్చి ఏడ్చింది. మా చెల్లె కొడుకే, నీకు అన్న అయితడు, అన్నా అని పిలువుమన్నది. నేను ఒద్దన్న. ఎవ్వరికి చెప్పకు అని ఒట్టేయించుకున్న.”

“ఎందుకే? పుట్టింటోళ్ళు దొరికితె ఎవ్వరన్న ఒద్దంటరా?”

గంగవ్వ నన్ను చూసిన చూపులో నా మీద జాలి ఉంది.

“సత్తెమ్మా, నీకు కిష్టయ్య తెల్వదు. ఆయన ముందల నవ్వితె ఎందుకు నవ్వినవ్ అనేటోడు. అత్త ముందల నవ్వితె అయిపాయె. ఇంట్ల నవ్వనీకి పర్మిషన్ ఉన్నది ఒక్క మరిది తోనే. మల్లయ్య వస్తె అత్త గూడ ఏమనకపోయేది, వదినె మరుదులు గిట్లనే ఉంటరని. అదే అన్నా అని పిలిస్తె? బియ్యం కడిగి, కాళ్ళకు నీళ్ళిచ్చి, బాగున్నవా అన్నా అనుడు. గంతే. నవ్వుడు బందు.”

నేను ఆ పని చేసినన్నాళ్ళూ వరస అంటే ఎవరు ఎవరిని చేసుకోవచ్చు అన్నదే అనుకున్నాను. ఎవరు ఎవరితో నవ్వవచ్చు అన్నది కూడా వరసేనని ఎప్పుడూ ఆలోచించలేదు. వంశవృక్షాలు గీసేవాళ్ళు దీన్ని ఏ గీతతో గీస్తారో నాకు తెలియదు.

“ఇప్పుడు చెప్తవా మరి?” అన్నాను. “అన్నాచెల్లెళ్ళయితె మీ కొడుకులు బావాబామ్మర్దులు. పిల్లలకు వరస కుదురుతది. ఆ దత్తతే నిజమైతె కిష్టయ్య గూడ నీకు అన్నే కావాలె, గది ఎవ్వరు ఒప్పుకోరు. ఇంకెవ్వరు చెప్పినా ఆ సుధాకర్ నమ్మడు. నువ్వే చెప్పాలె.”

“ఇన్నేండ్లు చెల్లెతోని పరాచికాలాడిన అని మల్లయ్య తల ఎక్కడ పెట్టుకుంటడు?”

“అది గూడ నిజమే.”

“నువ్వు చెప్పరాదు? పాటల పెట్టరాదు?”

“మా ఇంటి పాటను ఎవ్వరు నమ్ముతలేరు గంగవ్వా.”

బయట మమత చాయ్ గిన్నె దించిన చప్పుడైంది. గంగవ్వ ఆ చప్పుడు విని లేచింది. “పిలువు వాళ్ళను,” అంది.

పొద్దు గుంకేటప్పుడు

సుధాకర్ తండ్రిని బండి మీద ఎక్కించుకుని వచ్చాడు. మల్లయ్య సందు మొదట్లోనే అలవాటు కొద్దీ, “వదినే, చచ్చినవా బతికినవా?” అని అరిచాడు. జవాబు రాలేదు. అతను వాకిట్లోనే ఆగిపోయాడు.

గంగవ్వ గోడకు ఆనుకుని నిలబడి, ఎవరి మొహమూ చూడకుండా చెప్పింది. ఊరు పేరు చెప్పింది. ఇద్దరన్నదమ్ముల పేర్లు చెప్పింది.

సుధాకర్ అడ్డం వచ్చాడు. “మరి ఇన్ని రోజులు ఎందుకు చెప్పలే? లగ్గం ఆగంగనే యాదికొచ్చిందా?”

“సుధాకర్, ఆగు,” అన్నాను. “మనవరాలి కోసం అబద్ధమాడే ముసల్ది తన మీదికి సిగ్గు తెచ్చుకునే అబద్ధం ఆడదు.”

గంగవ్వ నా సహాయం అక్కర్లేదన్నట్టు మల్లయ్య వైపు తిరిగింది. “మీ అమ్మను పుట్టింట్ల చిట్టి అని పిలుస్తుండె. ఎడమ చెవి తమ్మె తెగి ఉండె, చిన్నప్పుడు మేక గుంజితె.”

మల్లయ్య వాకిట్లో ఉన్న రాయి మీద కూర్చున్నాడు. “చెవి తెగి ఉన్నది నాకు యాదికున్నది,” అన్నాడు. “ఎందుకు తెగిందో తెల్వకుండె.” ఆ తర్వాత కొడుకుతో అన్నాడు, “లగ్గం చెయ్యి.”

మమత లోపలికి వెళ్ళిపోయింది. చెట్టు మార్చడానికి కాబోలు, సుధాకర్ ఫోన్ తీసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఒక్క మాట అతని గురించి మంచిగా చెప్పాలి. ఆ రోజు అతను ఇంకేమీ అడగలేదు. గంగవ్వ ఎందుకు దాచిందో మల్లయ్య కూడా అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదో నాకు తెలియదు. ఆ ముక్క ఇప్పుడు నేనే ఇక్కడ రాస్తున్నాను, అడగవలసినవాళ్ళు, చెప్పవలసినవాళ్ళు ఇద్దరూ పోయారు కాబట్టి.

వియ్యాలవాళ్ళు వెళ్ళిపోయాక యాదగిరి నన్ను అక్కడే ఉండమన్నాడు. తినిపొమ్మన్నాడు. తిన్నాను, కొట్లాట అయిపోయింది గనుక.

తెల్లవారి

బందు సడలింది. పొద్దున్నే షేర్ ఆటోలు తిరిగాయి. మొదటి ఆటోల్లో ఒకదానిలోంచి మల్లయ్య దిగాడు. తెల్ల ధోవతి కట్టుకున్నాడు. చేతిలో అరటిపండ్లు ఉన్నాయి. సందులో ఎక్కడా గొంతెత్తలేదు. వాకిట్లోకి వచ్చి, దగ్గి, నిలబడ్డాడు.

“చెల్లే, ఉన్నవా?”

గంగవ్వ చెంబుతో నీళ్ళు తెచ్చి కాళ్ళు కడుక్కోమని ఇచ్చింది. అతను కడుక్కుని మంచం మీద కూర్చున్నాడు. ఆమె గడప అవతల కూర్చుంది.

“బాగున్నవా అన్నా?”

“బాగున్న. నీ మోకాళ్ళో?”

“అట్లనే ఉన్నయి.”

ఇద్దరూ వాకిలి వైపు చూస్తూ కూర్చున్నారు. మేడ పని మొదలై క్రేన్ తిరుగుతోంది. ఆమె అన్నం తినిపొమ్మంది. ఇంకోసారి వచ్చినప్పుడు తింటానన్నాడు అతను. తర్వాత ఆటో హారన్ వినబడితే లేచి, అరటిపండ్లు మంచం మీద పెట్టి వెళ్ళిపోయాడు.